మారేడుమిల్లి అడవిలో ఒక రోజు: దారి చూసుకోవడం, నిప్పు రాజేయడం, బొంగులో వండటం ఎలా?

రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు వెళ్తే మారేడుమిల్లి. రంపచోడవరం దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి చిక్కబడుతుంది. చాలామంది ఘాట్ రోడ్డు మీద కారు ఆపి ఫొటోలు దిగి, బొంగు చికెన్ పార్సిల్ కట్టించుకుని వెనక్కి వచ్చేస్తారు. ఇంకొక్క రోజు ఉండగలిగితే అక్కడ నేర్చుకోవడానికి చాలా ఉంది. ఆ కొండల్లో తరతరాలుగా ఉంటున్న కొండరెడ్లు, కోయలకు కత్తి ఒక్కటి చాలు, వెదురుతో వంటపాత్ర నుంచి నీళ్ల గొట్టం దాకా చేసేస్తారు. అందులో నాలుగు పనులైనా మన చేతికి వస్తే అడవిని చూసే చూపే మారిపోతుంది.

1. ఎప్పుడు, ఎవరితో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వానాకాలంలో మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కొండ మీద వాన పడితే వాగు నిమిషాల్లో పొంగుతుంది. వేసవిలో రాలిన ఆకంతా ఎండి, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. అటవీ శాఖతో కలిసి స్థానిక వన సంరక్షణ సమితులు నడిపే బసలు అక్కడ ఉన్నాయి. ఏ దారుల్లో తిరగవచ్చో, నిప్పు ఎక్కడ పెట్టుకోవచ్చో అక్కడే అడగండి. గూడెం మనిషి ఒకరిని వెంట తీసుకెళ్లండి, కూలి ముందే మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వండి. ఆయన మీకు దారి చూపించడమే కాదు, చదువు కూడా చెబుతున్నారు.

2. సంచిలో ఏముండాలి?

పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, పాదం మొత్తం కప్పే బూట్లు. రెండు లీటర్ల నీళ్లు, టార్చి, అగ్గిపెట్టె, ప్లాస్టర్ టేపు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. దోమల మందు తప్పనిసరి, ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో, మలేరియా ఉంది. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఎన్నింటికి తిరిగి వస్తారో బసలో చెప్పి వెళ్లండి.

3. నడక నేర్చుకోండి

మొదటిసారి వెళ్లినప్పుడు నేను కాలికి అడ్డొచ్చిన ఒక దుంగను దాటుతూ దాని మీద చెయ్యి వెయ్యబోయాను. వెంట ఉన్న కొండరెడ్డి పెద్దాయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "ముందు కర్రతో తట్టు బాబూ, తర్వాత చెయ్యి పెట్టు" అన్నాడు. దుంగ అవతల నీడలో పాము ఉండొచ్చు, దుంగ కింద తేలు ఉండొచ్చు. ఆ రోజంతా ఆయన కర్ర ఆయన కంటే ఒక అడుగు ముందే నడిచింది. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చెయ్యకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకెళ్లి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

దూలగొండి కాయలు సరిగ్గా మనం వెళ్లే చలికాలంలోనే ముదురుతాయి. తీగకు వేలాడే ఆ గోధుమరంగు నూగు కాయ అందంగానే ఉంటుంది, కానీ నూగు ఒంటికి తగిలితే భరించలేని దురద. గీరారంటే ఇంకా లోపలికి దిగుతుంది. టేపు అంటించి లాగితే నూగు చాలావరకు ఊడి వస్తుంది. ఆ చొక్కా వెంటనే మార్చేయండి.

దిక్కు తెలియాలంటే ఎండ పడేచోట కర్ర నిలబెట్టి, నీడ కొస దగ్గర రాయి పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత కొస ఎక్కడికి జరిగిందో అక్కడ రెండో రాయి. మొదటిది పడమర, రెండోది తూర్పు. ఇక పొద్దు సంగతి. చెయ్యి ముందుకు చాచి, సూర్యుడికీ కొండ శిఖరానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలు దాదాపు పావుగంట. ఎనిమిది వేళ్లు మిగిలినప్పుడే వెనక్కి తిరగండి, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది.

4. నీళ్లు

వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా బట్టతో వడకట్టి, తెర్లే దాకా కాచి, మరో నిమిషం మరగనిచ్చి తాగండి. కాయలు, దుంపలు మాత్రం మీ అంతట మీరు నోట్లో పెట్టుకోవద్దు. గూడేల్లో కొన్ని అడవి దుంపల్ని తరిగి, పారే నీటిలో నానబెట్టి, విషం పోయాకే వండుతారు. ఆ తెలివి ఫొటో చూసి వచ్చేది కాదు.

5. నిప్పు

అనుమతి ఉన్న చోట లేదా గూడెంలోని పొయ్యి దగ్గరే నేర్చుకోండి. రిజర్వ్ ఫారెస్టులో ఇష్టమొచ్చినట్టు నిప్పు పెట్టడం నేరం. చుట్టూ రెండు మీటర్ల మేర ఆకులన్నీ ఊడ్చేయాలి.

నేల మీద పడున్న పుల్ల చెమ్మ పీలుస్తుంది. కొమ్మకే ఎండి వేలాడుతున్నది తీసుకోండి, విరిస్తే ఫట్‌మని చప్పుడు రావాలి. ఎండు వెదురు బద్దను కత్తి అంచుతో పదే పదే గీకితే దూదిలాంటి పొట్టు రాలుతుంది. గుప్పెడు పొట్టు పోగయ్యాక దాని మీద అగ్గిపుల్ల లావు చిదుగులు, తర్వాత పెన్సిల్ లావువి, చివర్న బొటనవేలి లావువి. అందరూ తొందరపడేది ఇక్కడే, పెద్ద కట్టెలు ముందే పెట్టి గాలాడకుండా చేస్తారు. చిదుగులు బాగా మండాకే కట్టె పెట్టండి.

6. బొంగులో కూర, అడ్డాకులో భోజనం

వెదురు మీరు కొట్టకండి. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు అక్కడి గిరిజనులది. వాళ్ల దగ్గరే కొనుక్కోండి.

పచ్చి బొంగే కావాలి. ఎండినదైతే కూర ఉడికేలోపే కాలిపోతుంది. మూరెడు ముక్క, అడుగున కణుపు మూసి ఉండాలి, పైన తెరిచి ఉండాలి. పైనున్న నూగును గుడ్డతో తుడిచి, లోపల కడగండి. చిన్న చికెన్ ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర పట్టించి అరగంట ఉంచండి. నూనె అక్కర్లేదు, బొంగులోని చెమ్మే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూతిని ఆకులతో వదులుగా మూసి, నిప్పు మీద ఏటవాలుగా పెట్టండి. ఐదు నిమిషాలకోసారి తిప్పుతూ ఉంటే ముప్పై, నలభై నిమిషాల్లో పచ్చ రంగు పోయి నల్లబడుతుంది, మూతి నుంచి ఆవిరితో పాటు కూర వాసన వస్తుంది. ఒక ముక్క తీసి, ఎముక దగ్గర ఎర్రగా లేదని చూసుకున్నాకే దించండి.

ఒక్క జాగ్రత్త మరవకండి. రెండు వైపులా కణుపులు మూసుకున్న బొంగును నిప్పులో వేస్తే పేలుతుంది. వంటచెరుకుగా వాడే వెదురును కూడా చీల్చాకే పొయ్యిలో పెట్టాలి.

బొంగు ఉడికేలోపు విస్తరి కుట్టండి. అడ్డాకు ఆవు గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. మధ్యలో ఒక ఆకు పెట్టి, చుట్టూ మిగతావి ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా పేర్చండి. సన్నని వెదురు ఈనెను పైనుంచి గుచ్చి, కింద నుంచి మళ్లీ పైకి తీసి, మిగిలిన ముక్క విరిచేయండి. నా మొదటి విస్తరి మూడుసార్లు చిరిగింది. ఈనెను నిలువుగా కాకుండా పడుకోబెట్టి గుచ్చడం ఒక అవ్వ చూపించాకే కుదిరింది.

7. వచ్చేసే ముందు, వచ్చేశాక

నిప్పు మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. బూడిద మీద అరచేయి వెనక భాగం పెట్టినా వేడి తగలనప్పుడే కదలండి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా మీ సంచిలోనే వెనక్కి రావాలి.

ఇంటికి చేరాక కొన్ని వారాల వరకు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకండి. ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, మలేరియా రక్త పరీక్ష ఆ రోజే చేయించుకోండి.