యౌవనస్థులకు ఇంటి పనులతో భక్తిగల నడవడి ఎలా నేర్పాలి?

పదిహేనేళ్ల పిల్లవాడు బైబిల్లోని ఒక కీర్తన మొత్తం చూడకుండా అప్పజెప్పి, తిన్న కంచం మాత్రం బల్లమీదే వదిలేసి లేచిపోయాడంటే, ఆ వాక్యం ఇంకా చేతుల దాకా రాలేదన్నమాట. దాన్ని చేతుల దాకా తెచ్చేది రోజూ చేసే పని. కానీ ఏదో ఒక పని ఎలాగోలా నెత్తిన పెడితే గుణం రాదు, విసుగొస్తుంది. తల్లిదండ్రులు, సంఘంలో యౌవనస్థులను నడిపించేవాళ్లు ఈ వరుసలో మొదలుపెట్టి చూడండి.

మొదట, నిజంగా అవసరమైన పని ఎంచండి

చేయకపోతే ఎవరో ఒకరికి ఇబ్బంది కలగాలి. అలాంటి పనే కావాలి. రాత్రి భోజనాల తర్వాత గిన్నెలు, మరుగుదొడ్డి శుభ్రం, చెత్త బయట వేయడం, మంచంలో ఉన్న పెద్దవాళ్ల బట్టలు ఉతకడం, ఆరాధన ముగిశాక కుర్చీలు సర్ది ఊడ్చడం. అలవాటు కోసమని కల్పించిన పనిని పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆడపిల్లకు గిన్నెలు, మగపిల్లవాడికి బజారు పని అని పంచకండి. ఎవరూ ఇష్టపడని పనిలో అందరికీ వంతు ఉండాలి. చదువు, నిద్ర, ఆట చెడనంత పనే ఇవ్వండి.

తర్వాత, మీరు ముందు చేయండి

అసలు పాఠం ఇక్కడే ఉందని నా నమ్మకం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో భోజనం దగ్గర తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగింది ఆ బల్ల దగ్గర అందరికన్నా గొప్పవాడైన యేసు. తానే కడిగాక, మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలన్నాడు. ఇంట్లో తండ్రి ఏనాడూ గిన్నె ముట్టకుండా కొడుక్కి వినయం నేర్పబోతే, కొడుకు నేర్చుకునేది వేరు: పెద్దవాడినైతే ఈ పని తప్పుతుందని. అందుకే కొన్ని వారాలు పక్కపక్కన నిలబడి చేయండి. ఒకరు తోముతుంటే ఒకరు తుడవాలి. పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని విషయాలు, చేతులు పనిలో ఉన్నప్పుడు వాటంతటవే బయటికొస్తాయి.

పని ఎక్కడ ముగుస్తుందో చూపించండి

గిన్నెలు తోమడమంటే తొట్టి కడిగి, గుడ్డ పిండి ఆరేసేదాకా అని ముందే చెప్పాలి. 6వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి బెనెడిక్టు తన మఠాలకు రాసిన నియమావళిలో ఈ సంగతి చాలా వివరంగా ఉంది. సోదరులు వారాలవారీగా వంటశాల సేవ చేయాలి. వారం ముగిసినవాడు శనివారం తువాళ్లు ఉతికి, పాత్రలు శుభ్రంగా, చెడిపోకుండా తిరిగి అప్పగించాలి. మఠం పనిముట్లను బలిపీఠం మీది పాత్రలంత పవిత్రంగా చూడాలని కూడా అందులో ఉంది. మీ ఇంట్లో చీపురుకూ ఆ గౌరవం ఇవ్వొచ్చు. వాడినవాడే శుభ్రం చేసి దాని చోట పెట్టాలి, అంతే.

ఇక వెనక్కి తీసుకోకండి

సగం పని చూసి "పక్కకు జరుగు, నేను చేస్తాలే" అన్నామంటే ఆ బాధ్యత మళ్లీ మన మీదికే వచ్చినట్టు. మరిచిపోతే ఒక్కసారి గుర్తుచేయండి. రాత్రి తోమని గిన్నెలు పొద్దున అతని కోసమే ఉండనివ్వండి. అయితే కోపంలో మరుగుదొడ్డి కడగమని శిక్ష వేయకండి. తక్కువగా కనిపించే పనిని ఒక్కసారి శిక్షగా వాడితే, దాన్ని ప్రభువు కోసం చేయమని ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

ఎవరూ చూడని పని అప్పగించండి

ఇది ఆలస్యంగా, నమ్మకం కాస్త కుదిరాక ఇవ్వాల్సిన మెట్టు. దావీదును చూడండి. ప్రవక్త సమూయేలు వచ్చి రాజుగా అభిషేకించాక కూడా, అప్పటి రాజు సౌలు మనుషులు వెదుక్కుంటూ వచ్చేసరికి అతడు గొర్రెల దగ్గరే ఉన్నాడు. యుద్ధంలో ఉన్న అన్నలకు ఆహారం ఇచ్చి రమ్మని తండ్రి పంపిన రోజు, మందను మరో కాపరికి అప్పగించి మరీ బయల్దేరాడు. ఆ చిన్న వివరం 1 సమూయేలు 17:20లో ఉంది, చాలామంది చదువుతూ దాటిపోతారు. శత్రు యోధుడు గొల్యాతు ఎదుట తాను నిలబడగలనని సౌలుకు చెప్పడానికి అతడు చూపిన ఆధారం కూడా మంద దగ్గర జరిగిందే: సింహం నోటి నుంచి, ఎలుగుబంటి నోటి నుంచి గొర్రెపిల్లను విడిపించడం, తనను విడిపించింది యెహోవాయే అనడం.

కాబట్టి కొన్ని పనులకు మెచ్చుకోలు కూడా తగ్గించండి. ఫోటో తీయకండి, బంధువుల ముందు చెప్పకండి, ప్రతి పనికీ డబ్బు ఇవ్వకండి. "నీ వల్ల అమ్మ ఇవాళ తొందరగా పడుకుంది" అంటే చాలు. మనిషిని పొగిడినదానికన్నా, పనివల్ల మేలు జరిగిందని చెప్పిన మాట ఎక్కువ నిలుస్తుంది.

దేవుని మాట ఎప్పుడు చెప్పాలి?

పని మధ్యలో ప్రసంగం వద్దు. మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యంలో ప్రార్థన చాలు. మనుషుల కోసం అన్నట్టు కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు 3:23 చెబుతుంది. ఆ మాట మొదట దాసులకు, అంటే తమ కష్టానికి గుర్తింపు దక్కని వాళ్లకు రాసిందని పిల్లలకు వివరించండి. దాని బరువు వాళ్లకు అర్థమవుతుంది.

గుర్తుచేయకుండానే పని జరుగుతుంటే ఇంకాస్త పెద్దది ఇవ్వండి: ఇంటి ఖర్చు లెక్క రాయడం, ఒంటరిగా ఉన్న పొరుగువారికి వారం వారం సరుకులు తెచ్చిపెట్టడం. పాత పనిని తమ్ముడికో చెల్లికో అతని చేతే నేర్పించండి. తోమే పద్ధతితో పాటు గుడ్డ పిండి ఆరేయడం కూడా చూపిస్తున్నాడో లేదో గమనించండి.