బ్రా ఎంపికలో ముందు చూడవలసింది చుట్టుపట్టీని

భుజాల మీద గాట్లలా ఎర్రటి గీతలు పడుతున్నప్పుడు చాలామంది భుజం పట్టీలనే తప్పుపడతారు. నిజానికి రొమ్ముల బరువులో ఎక్కువ భాగాన్ని మోయవలసింది రొమ్ముల కింద, పక్కటెముకలను చుట్టి వచ్చే పట్టీ. అది వదులైతే ఆ బరువు భుజాల మీదికి చేరి, మెడా వీపూ నొప్పి పెడతాయి. అందుకే కప్పు సంగతి తరువాత చూడవచ్చునని, ముందు చుట్టుపట్టీ కుదరాలని నేను గట్టిగా చెబుతాను.

కొలవడానికి దర్జీలు వాడే టేపు చాలు. ప్యాడ్లు లేని పలుచని బ్రా వేసుకుని, అద్దం ముందు నిలబడి, రొమ్ముల కింద టేపును చుట్టి, ఊపిరి పూర్తిగా వదిలాక బిగుతుగా పట్టి చూడండి. వీపు వైపు టేపు జారితే కొలత తప్పుతుంది కనుక, పక్కకు తిరిగి అది నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోవాలి. వచ్చిన అంగుళాలు సరిసంఖ్య అయితే అదే పట్టీ కొలత. బేసిసంఖ్య అయితే దానికి ముందుదీ తరువాతదీ రెండూ వేసి చూడాలి. ఆ పైన, రొమ్ములు నిండుగా ఉన్నచోట టేపును బిగించకుండా చుట్టి కొలవాలి. రెండు కొలతల తేడా ఒక అంగుళమైతే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి కప్పు. కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలపమనే పాత పట్టికలు ఇంకా కనిపిస్తుంటాయి; వాటిని నమ్మితే చాలామందికి పట్టీ వదులూ, కప్పు అక్షరం చిన్నదీ అవుతాయి.

నేను ఏళ్ల తరబడి 36బి వేసుకున్నాను. కప్పు సరిపోయేది కానీ, సాయంత్రానికి వెనక పట్టీ భుజాల ఎముకల దాకా ఎగబాకేది, నేను భుజం పట్టీలను ఇంకా బిగించేదాన్ని. సరిగ్గా కొలిస్తే కింద 32, పైన 36 వచ్చాయి, అంటే 32డి. డి అనగానే జంకాను కానీ, ఆ అక్షరం రెండు కొలతల తేడాను మాత్రమే చెబుతుంది. 32డి, 34సి, 36బి కప్పుల్లో పట్టే పరిమాణం దాదాపు ఒక్కటే, మారేది పట్టీ పొడవు. కాబట్టి కప్పు బాగుండి పట్టీ వదులైతే, పట్టీలో ఒక కొలత తగ్గి కప్పులో ఒక అక్షరం పెరగాలి. పట్టీ బిగుతైతే దీనికి వ్యతిరేకంగా చేయాలి.

కొత్త బ్రాను అన్నిటికంటే వదులుగా ఉండే హుక్కు వరుసలో పెట్టుకోండి. ముందుకు వంగి, చంక వైపు మిగిలిపోయిన భాగాన్ని చేత్తో కప్పులోకి తెచ్చుకుని నిటారుగా నిలబడండి. ఈ చిన్న పని చేయకుండా కప్పు సరిపోయిందని చెప్పడం తొందరపాటే అవుతుంది. చుట్టుపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకు మించి చోటు ఉండకూడదు. చేతులు పైకెత్తినా పట్టీ కదలకూడదు. కప్పు అంచు మీదుగా రొమ్ము పొంగితే కప్పు చిన్నది, బట్ట ముడతలు పడితే పెద్దది. వైరు ఉన్న బ్రాలో, వైరు రొమ్మును ఒత్తకుండా దాని చుట్టూ పక్కటెముకల మీద ఆనాలి. రెండు కప్పుల మధ్య భాగం ఎదుర్రొమ్ము ఎముకకు అంటుకుని ఉండాలి. రెండు రొమ్ములూ ఒకే పరిమాణంలో లేకపోవడం మామూలే, పెద్దదాని కొలతకే కొని రెండో పక్క భుజం పట్టీని కొంచెం బిగించుకోవచ్చు.

బరువు మారినా, గర్భం దాల్చినా, పాలిస్తున్నా కొలత మారుతుంది కనుక మళ్లీ కొలుచుకోవాలి. పరుగులాంటి వ్యాయామాలకు మామూలు బ్రా చాలదు, అందుకోసం చేసిన స్పోర్ట్స్ బ్రా తీసుకోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది కాబట్టి క్రమంగా లోపలి హుక్కుల్లోకి మారుతూ రావాలి. అన్నిటికంటే బిగుతైన వరుసలో పెట్టినా పట్టీ వీపు మీద పైకి ఎగబాకుతుంటే, ఆ బ్రాను మార్చే సమయం వచ్చినట్టే.