రూట్ కెనాల్ అయ్యాక కూడా నమిలితే నొప్పా? ముందు ఇది చూడండి

రూట్ కెనాల్ తర్వాత నాలుగైదు రోజులు సలపడం మామూలే. వారం దాటినా నమిలినప్పుడల్లా ఆ పన్ను కలుక్కుమంటోందంటే, ఫిల్లింగో క్యాపో వెంట్రుకవాసి ఎత్తుగా ఉందేమో చూసుకోండి. మత్తులో నోరు మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఆ తేడా అప్పుడు తెలియదు.

నిటారుగా కూర్చుని, దవడ వదులుగా ఉంచి, పళ్లు మెల్లగా ఐదారుసార్లు టక్‌టక్‌మని తాకించండి. మిగతా వాటికంటే ముందు ఆ పన్నే తగులుతోందా? డాక్టర్‌కి ఉత్త 'నొప్పి' అనకుండా సరిగ్గా ఆ మాటే చెప్పండి. రంగు కాగితం కొరికించి, మచ్చ గాఢంగా పడ్డచోట కాస్త అరగదీస్తారు. కొన్ని నిమిషాల పని. కుర్చీలో పడుకుని కొరికాక, లేచి కూర్చుని కూడా ఒకసారి కొరికి చూడండి. పడుకుంటే దవడ కొద్దిగా వెనక్కి జారుతుంది, అసలు తేడా అక్కడే తప్పిపోతుంది. అప్పటిదాకా రెండోవైపు నమలండి. ఇంట్లో మాత్రం దేనితోనూ గీకొద్దు.

వాపు, జ్వరం, చీము, ఏమీ కొరక్కుండానే రాత్రిళ్లు పోటు ఉంటే ఇది పనిచేయదు. లోపల ఇన్ఫెక్షన్ మిగిలి ఉండొచ్చు, పన్ను చీలి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి.