కండరాన్ని చేత్తో చదవడం – 3వ పాఠం: కొండ దిగేటప్పుడు తొడ చేసే పని

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని సంగతి చూద్దాం. కుర్చీలో కూర్చుని, మోకాలు వంచి, మడమ పైకెత్తి పిక్క తడమమన్నాను. తర్వాత నిలబడి, మునివేళ్ల మీద లేచి మళ్లీ తడమమన్నాను. కూర్చున్నప్పుడు పిక్క పైభాగంలో ఉండే రెండు గుండ్రటి కండలు దాదాపు మెత్తగానే ఉండి, వాటికి కింద, రెండు పక్కలా బిగువు తెలిసి ఉండాలి. అది సోలియస్. నిలబడి లేచినప్పుడు పైన ఉన్న ఆ రెండు కండలు కూడా గట్టిపడతాయి. అది గ్యాస్ట్రాక్నీమియస్. ఇది తొడ ఎముక కింది చివర మొదలై, మోకాలు దాటి, మడమకు వస్తుంది. మోకాలు వంచగానే దాని రెండు కొసలూ దగ్గరపడి వదులైపోతుంది, లాగే బలం తగ్గుతుంది. సోలియస్ మోకాలి కిందే మొదలవుతుంది కాబట్టి మోకాలు వంచినా చాచినా దానికి ఒకటే.

తేడా తెలియనివాళ్లు వేళ్లతో గుచ్చి ఉంటారు. గుచ్చితే కండ దానంతటదే బిగుసుకుంటుంది, మీకు తెలిసేదేమీ ఉండదు. నాలుగు వేళ్లు ఆనించి ఉంచండి, కాలే కదలాలి. ఈ పాఠాలన్నిటికీ ఇదొక్కటే మెళకువ.

ఇక ఈరోజు పాఠం తొడ గురించి. తిరుపతిలో ఉన్నవాళ్లకు దీనికి వేరే ప్రయోగశాల అక్కర్లేదు, అలిపిరి ఉంది. 3,550 మెట్లు. గాలి గోపురం చేరేలోపే చొక్కా తడిసిపోతుంది, మోకాళ్ల పర్వతం దగ్గర గోవింద నామం కూడా సగమే బయటికొస్తుంది. అదే దారిలో దిగితే ఊపిరికి ఏ ఇబ్బందీ ఉండదు, కబుర్లు చెప్పుకుంటూ దిగొచ్చు. కానీ మర్నాడు చూడండి. ఎక్కి బస్సులో దిగొచ్చినవాళ్లు మామూలుగా తిరుగుతుంటారు. నడిచి దిగినవాళ్లు ఇంట్లో నాలుగు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుంటారు. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇల్లయితే ఆ కష్టం చెప్పనక్కర్లేదు. ఆయాసమంతా ఎక్కేటప్పుడు వచ్చింది కదా, నొప్పి దిగినవాళ్లకు ఎందుకొచ్చినట్టు?

దీనికి జవాబు కావాలంటే ముందు ఒక నియమం గట్టిగా పట్టుకోవాలి: కండరం లాగగలదు, నెట్టలేదు. శరీరంలో ఎక్కడా ఏ కండరమూ ఎముకను నెట్టదు. మీరు గోడను చేత్తో నెడుతున్నప్పుడు కూడా మోచేతి వెనక ఉన్న కండ ముంజేతి ఎముకను లాగుతోంది, అంతే. అందుకే కీలు దగ్గర కండరాలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి వంచడానికి, ఒకటి చాచడానికి. మోకాలిని చాచేవి తొడ ముందున్నవి, వంచేవి తొడ వెనకున్నవి.

తొడ ముందు నాలుగు ఉన్నాయి. మధ్యలో రెక్టస్ ఫెమోరిస్, బయటి పక్క వాస్టస్ లేటరాలిస్, లోపలి పక్క వాస్టస్ మీడియాలిస్. నాలుగోది వాస్టస్ ఇంటర్మీడియస్, రెక్టస్ కింద దాగి ఉంటుంది, దాన్ని చేత్తో పట్టుకోలేం. నాలుగింటినీ కలిపి క్వాడ్రిసెప్స్ అంటారు. నాలుగూ కలిసి మోకాలి చిప్పకు అతుక్కుంటాయి. చిప్ప కింద నుంచి ఒక దళసరి పట్టీ కిందికి దిగి, ముంగాలి ఎముక మీద చిన్న బొడిపె దగ్గర ఆగుతుంది. మోకాలు వంచి, చిప్ప కింది అంచు నుంచి వేలు కిందికి జరపండి, రెండు మూడు అంగుళాల లోపే ఆ బొడిపె తగులుతుంది. క్వాడ్రిసెప్స్ లాగేది ఆ బొడిపెనే.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంటి గుమ్మం ముందు మెట్టు చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడ పట్టుకోండి, బాగా ఇబ్బందైతే ఈ భాగం వదిలేయండి. కుడికాలు మెట్టు మీద పెట్టి నిలబడండి, ఎడమకాలు పక్కన గాలిలో ఉండాలి. కుడి అరచెయ్యి కుడి మోకాలి చిప్పకు బెత్తెడు పైన ఆనించండి. ఇప్పుడు కుడి మోకాలు మెల్లగా వంచుతూ ఎడమ మడమను నేలకు తాకించండి. తర్వాత కుడికాలి బలంతోనే మళ్లీ పైకి లేవండి.

లేచేటప్పుడు చెయ్యి కింద తొడ గట్టిగా ఉంటుంది. అది అందరూ ఊహించేదే. దిగేటప్పుడు? అప్పుడూ గట్టిగానే ఉంటుంది. మోకాలు వంగుతోంది, వంచే కండరాలు వెనక ఉన్నాయి, అయినా బిగుసుకున్నవి ముందున్నవి. మోకాలిని వంచుతున్నది ఏ కండరమూ కాదు, మీ ఒంటి బరువు. ఆ బరువుకు మీరు ధబీమని కూలిపోకుండా క్వాడ్రిసెప్స్ పట్టి ఉంచుతూ, కొద్దికొద్దిగా వదులుతోంది. అంటే లాగుతూనే పొడవవుతోంది. ఫిజియోథెరపీ వాళ్లు పొట్టిదవుతూ పనిచేయడాన్ని కాన్సెంట్రిక్ అని, పొడవవుతూ పనిచేయడాన్ని ఎక్సెంట్రిక్ అని, పొడవు మారకుండా బిగపట్టడాన్ని ఐసోమెట్రిక్ అని అంటారు. పేర్లు గుర్తుండకపోయినా పరవాలేదు, చెయ్యి గుర్తుపడితే చాలు.

లాగుతూ పొడవవడం ఎలా కుదురుతుందో తెలియాలంటే లోపలికి వెళ్లాలి.

కండరం మొత్తాన్ని ఒక పొర చుట్టి ఉంటుంది. లోపల కట్టలు, ఒక్కో కట్టకు ఒక పొర. కట్టలో పోగులు, ఒక్కో పోగుకూ మళ్లీ సన్నని పొర. ఈ పొరలన్నీ చివర్లో కలిసిపోయి టెండన్ అవుతాయి, పోగు లాగిన బలం ఎముకకు చేరేది వాటి ద్వారానే. పోగు అంటే ఒక్క కణమే, కానీ మామూలు కణం కాదు. మందం 10 నుంచి 100 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పొడవు సెంటీమీటర్లలో. ఒక్కోదానిలో వందల కేంద్రకాలుంటాయి, అవి కూడా మధ్యలో కాకుండా అంచున. పోగు లోపల నిలువునా మయోఫైబ్రిళ్లు అనే సన్నని దారాలు, ఒక్కో మయోఫైబ్రిల్లో వరసగా సార్కోమియర్లు అనే చిన్న గదులు. విశ్రాంతిలో ఒక్కో సార్కోమియర్ పొడవు రెండు, రెండున్నర మైక్రోమీటర్లు. చిన్న లెక్క వేయండి. 10 సెంటీమీటర్ల పోగులో, రెండున్నర చొప్పున, 40,000 సార్కోమియర్లు వరసగా పడతాయి. ఒక్కోటి అర మైక్రోమీటరు తగ్గితే పోగు మొత్తం 2 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. తొడలో ఆ మాత్రం తేడా మోకాలి దగ్గర పెద్ద కదలిక అవుతుంది.

ఇక్కడ చదవడం ఆపి ఒక కాగితం, కత్తెర తెచ్చుకోండి. బొమ్మ చూసి బట్టీపట్టినవాళ్లు పరీక్షలో ఏ పట్టీ తగ్గుతుంది, ఏది తగ్గదు అనే దగ్గర తడబడతారు, చేత్తో జరిపి చూసినవాళ్లు తడబడరు. 1 మైక్రోమీటరుకు 5 సెంటీమీటర్ల చొప్పున కొలత. ఒక రంగులో 8 సెంటీమీటర్ల ముక్క ఒకటి, ఇది మయోసిన్ అనే మందపు తంతువు. ఇంకో రంగులో 5 సెంటీమీటర్ల ముక్కలు రెండు, ఇవి యాక్టిన్ అనే పలుచని తంతువులు. యాక్టిన్ ముక్కల బయటి కొసలే జెడ్ గీతలు, అంటే ఒక సార్కోమియర్ రెండు హద్దులు. రెండు జెడ్ గీతల మధ్య 12 సెంటీమీటర్ల ఎడం పెట్టి, మయోసిన్ ముక్కను సరిగ్గా మధ్యలో ఉంచండి. ఒక్కో వైపు 3 సెంటీమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఇప్పుడు యాక్టిన్ ముక్కల్ని లోపలికి జరిపి ఎడం 10న్నర చేయండి. ఏ ముక్కా పొట్టిది కాలేదు, కానీ సార్కోమియర్ పొట్టిదైంది. మయోసిన్ పరుచుకున్న మేర, అంటే ‘ఏ’ (A) పట్టీ, 8 సెంటీమీటర్లు అలాగే ఉంది. యాక్టిన్ ఒక్కటే ఉండే ‘ఐ’ (I) పట్టీ తగ్గింది. ఈ జారుడు సంగతి 1954లో బయటపడింది. ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె ఒక జంట, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో జంట, రెండు వ్యాసాలూ నేచర్ పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. ఇద్దరు హక్స్‌లీలు చుట్టాలు కారు.

అదే చేత్తో ముక్కల్ని బయటికి లాగి ఎడం 18 చేయండి. ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడదు. పడకపోతే పట్టు లేదు, పట్టు లేకపోతే బలం లేదు. ఇవి కప్ప కండరంలో తేలిన కొలతలు, మనిషిలో యాక్టిన్ ఇంకాస్త పొడవు. లెక్క కొంచెం మారుతుంది, సంగతి మారదు. ఈ 18ని గుర్తుంచుకోండి, నొప్పి దగ్గర మళ్లీ కావాలి.

జరిపేది ఎవరు? మయోసిన్‌కు పక్కలకు తలలుంటాయి. బావిలో చేద తోడేటప్పుడు రెండు చేతులూ ఎలా ఆడతాయో అవీ అలాగే: తాడు పట్టుకోవడం, లాగడం, వదలడం, ఇంకాస్త ముందుకు పట్టుకోవడం. ఒక్కో లాగుడుకు యాక్టిన్ జరిగేది 5 నుంచి 10 నానోమీటర్లే. ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. తల పట్టు వదలాలంటేనే కొత్త ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) వచ్చి అతుక్కోవాలి. ఏటీపీ లేకపోతే కండరం వదులవదు, బిగుసుకునిపోతుంది. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారేది అందుకే.

ఏటీపీ అన్నాక సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి, బోస్టన్‌లోని హార్వర్డ్ మెడికల్ స్కూల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. రెండూ కండరంలో దొరికినవే. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. కండరంలో నిలవున్న ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది. వెంటనే మళ్లీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్, అదీ ఇంకొన్ని సెకన్లే. ఆ తర్వాత చక్కెర, కొవ్వు, ఆక్సిజన్. మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చేది ఈ ఆక్సిజన్ కోసమే.

తలలు ఎప్పుడు పట్టుకోవాలో చెప్పేది కాల్షియం. నరం నుంచి సంకేతం రాగానే పోగు లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికొచ్చి యాక్టిన్ మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది, అక్కడే అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ పక్కకు జరుగుతుంది, పట్టుకునే చోటు తెరుచుకుంటుంది. నరం సంగతి వచ్చే పాఠంలో.

ఇప్పుడు కొండ దిగుదాం. చేద పైకి లాగడం ఎక్కడం అయితే, నీళ్లతో నిండిన చేదను కిందికి దింపడం కొండ దిగడం. చేతులు పట్టే ఉంటాయి, కానీ బరువు గెలుస్తుంది. తాడు జారుతుంది, అరచేతులు ఒరుసుకుంటాయి. ఎక్సెంట్రిక్ పనిలో మయోసిన్ తలలు చాలావరకు ఏటీపీ ఖర్చుపెట్టి వదలవు, లాగుడుకు పట్టు తెగి విడిపోతాయి. అందుకే ఖర్చు తక్కువ, ఆక్సిజన్ తక్కువ, ఆయాసం తక్కువ. పైగా సాగుతున్న పోగు ఎక్కువ బరువు మోయగలదు కాబట్టి, అదే బరువుకు తక్కువ పోగులు చాలతాయి. ఊపిరికి కలిసొచ్చిన ఈ పొదుపే తొడకు దెబ్బ: బరువంతా కొద్ది పోగుల మీదే పడుతుంది.

వరసలో ఉన్న సార్కోమియర్లన్నీ ఒకే బలంతో ఉండవు. బలహీనమైనవి ముందు సాగిపోతాయి, కొన్ని మన కాగితం మీది 18 దాటిపోతాయి. టిటిన్ అనే పొడవాటి ప్రోటీన్ చాలావాటిని వెనక్కి తెస్తుంది. కొన్ని తిరిగి సర్దుకోవు, జెడ్ గీతలు చెదిరిపోతాయి. మైక్రోస్కోపులో ఈ చెదరడం కనిపిస్తుంది. తర్వాత మరమ్మతు మొదలవుతుంది, వాపు వస్తుంది, చుట్టూ ఉన్న నరాల కొసలు సున్నితమవుతాయి. దీనికంతా సమయం పడుతుంది కాబట్టి నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయిందని జిమ్‌లో చెప్పేది నమ్మకండి. అది దిగిన గంటా గంటన్నరలోనే రక్తంలోంచి పోతుంది, మర్నాడు నొప్పి పుట్టించడానికి అక్కడ ఉండదు.

మంచి విషయం ఏమిటంటే, ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న తొడ రెండోసారి అంత నొప్పి పెట్టదు, ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. నడిచి దిగే మొక్కు ఉన్నవాళ్లు రెండు వారాల ముందు ఏ అపార్ట్‌మెంట్ మెట్లో కొన్ని అంతస్తులు మెల్లగా దిగి రండి. ఎక్కడానికి లిఫ్ట్ వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఒక జాగ్రత్త: నొప్పితోపాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, లేదా ఒక్క కాలే వాచి నొప్పెడితే, అది ఈ పాఠంలోని నొప్పి కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మూడు రకాల కండరాల పట్టిక ఇంకా ఎందుకు ఇవ్వలేదని ఇంటర్ పిల్లలు అడుగుతున్నారు. కావాలనే ఆపాను. గుండె కండరాన్నీ, పేగు గోడలోని నునుపు కండరాన్నీ ఇలా తడిమి చదవలేం. చేత్తో తెలిసేది ముగిశాకే వాటి దగ్గరికి వెళ్దాం.

వచ్చే పాఠం లోపు చేయాల్సినవి. కుర్చీలోంచి మెల్లగా లేవండి, మెల్లగా కూర్చోండి, రెండుసార్లూ తొడ ముందు చెయ్యి ఉంచండి. నిండు నీళ్ల బిందెను నేల మీంచి ఎత్తి, మళ్లీ దించేటప్పుడు మోచేతి పైన ముందువైపు కండను పట్టుకుని చూడమని ఇంట్లో ఎవరినైనా అడగండి. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు కాసేపు నిలవండి. ఒక్కోదానికీ మూడు మాటలు రాసుకోండి: ఏ కండ, పొట్టిదవుతోందా పొడవవుతోందా అలాగే ఉందా, బరువు ఎటు లాగుతోంది. బిందె దించేటప్పుడు మోచేతి వెనక కండ అని రాసినవాళ్లు, మెట్టు పరీక్ష ఇంకోసారి చేసి అప్పుడు నాలుగో పాఠానికి రండి.