వివాహేతర సంబంధం ఆరోపణతో విడాకుల సమన్లు వస్తే: కౌంటర్ (రాతపూర్వక జవాబు) దాఖలు చేసే విధానం

‘ఆరోపణ అబద్ధం కదా, నిరూపించుకోవాల్సింది వాళ్లే’ అని సమన్లు బీరువాలో పెట్టి ఊరుకునేవాళ్లు చాలామంది. ఆ మాట సగమే నిజం. రుజువు భారం పిటిషనర్‌దే, అంటే కేసు వేసినవారిదే. కానీ మీరు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టే చేసి, అంటే మీరు లేకుండానే కేసు నడిపి, అవతలివారి సాక్ష్యం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వవచ్చు. ఇక్కడ చెప్పేదంతా 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద నడిచే కేసుల గురించి.

ముందు ఒక భయం తీరాలి. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 497ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. వివాహేతర సంబంధం ఇప్పుడు నేరం కాదు, విడాకులకు కారణం మాత్రమే. అరెస్టు చేయిస్తారని బెదిరించి డబ్బు అడిగేవారికి రూపాయి కూడా ఇవ్వకండి.

సమన్లతో పాటు పిటిషన్ కాపీ, జతచేసిన కాగితాలు అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. కేసు నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే తెలుసుకోవచ్చు, దానికి మధ్యవర్తి అక్కర్లేదు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. ‘ఫ్యామిలీ కోర్టులో లాయర్లకు ప్రవేశం లేదు, కౌంటర్ నేనే టైప్ చేయిస్తా’ అనేవాళ్లు తగులుతారు. లాయర్‌ని పెట్టుకోవడం అక్కడ హక్కుగా రాదు, అంతే. కోర్టు అనుమతితో లాయర్లు వాదిస్తూనే ఉన్నారు.

కౌంటర్‌కు గడువు సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు. తగిన కారణం చూపితే 90 రోజుల దాకా కోర్టు అనుమతించవచ్చు.

చాలామంది దెబ్బతినేది కౌంటర్ రాయడంలోనే. ‘ఆరోపణలన్నీ అబద్ధం’ అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోదు. విడిగా కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టే కోర్టు తీసుకోవచ్చు. పిటిషన్‌లోని ప్రతి పేరాకు, ప్రతి తేదీకి విడివిడిగా జవాబు ఉండాలి. పెళ్లికి ముందు సంగతులు, బలవంతంగా జరిగినవి ఈ కారణం కిందికి రావు. పిటిషన్‌లో అలాంటివి ఉంటే ఆ మాట స్పష్టంగా రాయాలి.

ఇక అసలు చిక్కు. సెక్షన్ 23 ప్రకారం, పిటిషనర్ ఆ తప్పుకు తోడ్పడినా, తెలిసీ ఊరుకుని సాగనిచ్చినా, క్షమించినా ఈ కారణంతో విడాకులు ఇవ్వకూడదు. కారణం లేకుండా ఏళ్ల తరబడి ఆగి వేసినా అది మీకు పనికొచ్చే వాదనే. అయితే ‘జరగనే లేదు’ అంటూనే ‘క్షమించారు’ అని ఎలా రాస్తాం? రాయవచ్చు, ఇలా: ‘ఈ ఆరోపణను నేను ఒప్పుకోవడం లేదు. ఒకవేళ రుజువైందని కోర్టువారు భావించినా, ఫలానా తేదీకే పిటిషనర్‌కు ఆ విషయం తెలుసు, ఆ తర్వాత కూడా మేము భార్యాభర్తలుగా కాపురం చేశాం.’ ఆ తేదీ తర్వాత కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు జతచేయండి. ఒకే ఇంట్లో వేర్వేరుగా ఉన్నంత మాత్రాన క్షమించినట్టు కాదు. క్షమించాక మళ్లీ తప్పు జరిగితే పాతది కూడా తిరిగి లేస్తుంది.

పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం ఉందా? ‘తప్పు జరిగింది, ఇకపై జరగదు’ అని మీ సంతకం, ‘కలిసి ఉంటాం’ అని వారి సంతకం ఉంటే, అది వారు క్షమించారనడానికి ఆధారం, మీ ఒప్పుకోలుకూ ఆధారం. లాయర్‌కు చూపకుండా దాన్ని దాఖలు చేయకండి. ఉందన్న సంగతి లాయర్ దగ్గర దాచనూ వద్దు, వాయిదాలో అవతలివాళ్లు బయటపెడితే సర్దుకోవడం కష్టం. ‘ఇక్కడ సంతకం పెట్టు, మ్యూచువల్‌లో (పరస్పర అంగీకార విడాకులతో) తేల్చేద్దాం’ అంటూ తెచ్చే కాగితాల్లోనూ ఇలాంటి ఒప్పుకోలు దూరి ఉండవచ్చు. ప్రతి లైనూ చదవండి, ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లకు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఉండాల్సిన సర్టిఫికెట్ లేదు కాబట్టి చెల్లవని ధీమాగా ఉండకండి. సాక్ష్య చట్టం ఒప్పుకోని కాగితాన్ని కూడా, వివాదం తేల్చడానికి ఉపయోగపడుతుందనుకుంటే ఫ్యామిలీ కోర్టు చూడవచ్చు. అది ఎందుకు నమ్మదగినది కాదో మీరు చెప్పాలి.

క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో అవతలివారి వైపే ఉంటే, సెక్షన్ 23ఏ కింద అదే కౌంటర్‌లో మీ తరఫు క్లెయిమ్ అడగవచ్చు. సొంత ఆదాయం చాలనివారు కేసు ఖర్చులకు, మధ్యంతర భరణానికి సెక్షన్ 24 కింద వేరే దరఖాస్తు వేయాలి. దాన్ని వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. పరువు గురించి టెన్షన్ పడేవారికి ఒక మాట: సెక్షన్ 22 ప్రకారం విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది, అనుమతి లేకుండా దాన్ని ప్రచురించకూడదు.

ఇప్పటికే ఎక్స్‌పార్టే డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చేసి ఉంటే, రద్దు కోరడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు మీకు విషయం తెలిసిన రోజు నుంచి లెక్క.