లోహాన్ని వెలుగుతో, చప్పుడుతో, మాగ్నెట్‌తో ఎలా పరీక్షించాలి?

మాగ్నెట్ అంటుకోలేదంటే ఆ లోహానికీ మాగ్నెట్‌కీ సంబంధమే లేదనుకుంటాం కదా, అది తప్పండి, ఇంట్లోనే చేసి చూసుకోవచ్చు. ఒక స్టీల్ స్పూన్, రాగి ముక్క, మందపాటి అల్యూమినియం పలక, 20 సెంటీమీటర్ల ఇనుప కడ్డీ, దారం, టార్చ్, తెల్ల కాగితం, చిన్న నియోడిమియం మాగ్నెట్ (చిన్నదైనా చాలా బలంగా లాగే రకం) దగ్గర పెట్టుకోండి. మాగ్నెట్లు మాత్రం చిన్నపిల్లలకి అందనివ్వకండి, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ప్రాణాల మీదకొస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ దగ్గరికి అసలు తీసుకెళ్ళొద్దు.

స్టెప్ 1: వెలుగు

రాగి ముక్కని మెరిసేదాకా తోమండి, పైన నల్లటి పొర ఉంటే ఏమీ తెలీదు. గది చీకటి చేసి టార్చ్ ఏటవాలుగా వేసి, తిరిగొచ్చే వెలుగు కాగితం మీద పడేలా పట్టుకోండి. స్టీల్ నుంచి తెల్లగా పడుతుంది, రాగి నుంచి ఎర్రటి ఛాయ వస్తుంది. లోహంలో ఏ ఒక్క పరమాణువుకీ కట్టుబడకుండా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయి, వెలుగు తగలగానే అవి ఊగి దాన్ని వెనక్కి పంపేస్తాయి, మెరుపు అదే. రాగి మాత్రం నీలం వైపు వెలుగుని కొంత తనలోనే ఉంచేసుకుంటుంది.

స్టెప్ 2: చప్పుడు

కడ్డీని చేత్తో పట్టుకుని కొడితే టక్ మని ఆగిపోతుంది. ఒక చివర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర దారం కట్టి వేలాడదీసి, మధ్యలో చెక్క పెన్సిల్‌తో కొట్టండి, ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఎందుకంటే కడ్డీ వంగుతూ మోగేటప్పుడు, పొడవులో 22 శాతం దగ్గర దాదాపు కదలని చోటు ఉంటుంది, అక్కడ కట్టిన దారం మోతని ఆపదు. దారం కాస్త జరిపి మళ్ళీ కొట్టండి, తేడా మీకే వినిపిస్తుంది. సీసం లాంటి మెత్తటి లోహమైతే ఎక్కడ కట్టినా మొద్దుగానే పలుకుతుంది.

స్టెప్ 3: మాగ్నెట్

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. మామూలు వేడిలో మాగ్నెట్‌ని గట్టిగా పట్టుకునే శుద్ధ లోహాలు ఇనుము, నికెల్, కోబాల్ట్, ఈ మూడే. స్టెయిన్‌లెస్ స్టీల్లో కొన్ని రకాలు పట్టుకుంటాయి, కొన్ని పట్టుకోవు, కాబట్టి స్పూన్‌కి అంటుకోకపోతే నకిలీ అనుకోకండి.

ఇప్పుడు అల్యూమినియం పలకని ఏటవాలుగా పెట్టి పైనుంచి మాగ్నెట్ వదలండి, పక్కనే అదే వాలులో ఒక నున్నటి చెక్క మీద కూడా వదలండి. చెక్క మీద సర్రున జారిపోతుంది, అల్యూమినియం మీద ఎవరో వెనక్కి లాగుతున్నట్టు మెల్లగా దిగుతుంది! కదిలే మాగ్నెట్ వల్ల పలకలో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, అది ఆ కదలికనే అడ్డుకుంటుంది, భౌతిక శాస్త్రవేత్త లెంజ్ 1834లో చెప్పిన సూత్రం ఇదే. తేడా కనిపించకపోతే పలక పలచనైనట్టు, ఇంకాస్త మందంది తీసుకోండి, వంటింటి ఫాయిల్‌తో ఇది కుదరదు.

చివరగా మాగ్నెట్‌ని పలక మీద ఊరికే ఉంచండి, చేతికి ఏమీ తెలీదు. గబగబా అటూ ఇటూ కదపండి, బురదలో కర్ర లాగినట్టు ఉంటుంది.