వెబ్ పేజీలో తెలుగు అక్షరాలు చెడిపోతే నేను చేసిన పని

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ కొత్తగా నేర్చుకుంటూ, తేజ, బాడిగ, 334 అనే మిర్చి రకాల ధరలు చూపే చిన్న పేజీ ఆయన కోసం తయారుచేశాను. ల్యాప్‌టాప్‌లో తెలుగు చక్కగానే కనిపించింది. సర్వర్‌లో పెట్టి ఫోన్‌లో తెరిస్తే మాత్రం పైన గీతలున్న ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరసగా వచ్చాయి. చాలా టెన్షన్ పడ్డాను. కానీ అంకెలు మాత్రం చెడలేదు. ఆ తేడాయే దారి చూపింది.

కంప్యూటర్ అక్షరాలను బైట్లు అనే చిన్న ముక్కలుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. అలాంటి ఒక పద్ధతి యూటీఎఫ్-8లో అంకెకు ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, దాని గుణింతపు గుర్తుకు ఇంకో మూడు. ‘తే’ ఒక్కటే ఆరు బైట్లు. ఏ ఎన్‌కోడింగో పేజీ చెప్పకపోతే బ్రౌజర్ ఊహించుకుని, ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న ఫైలునైతే క్రోమ్ తనంతట తానే గుర్తుపట్టగలదు, అందుకే అక్కడ లోపం బయటపడలేదు.

పేజీ గురించిన వివరాలు ఉండే హెడ్ ట్యాగ్ తెరవగానే ఒక మెటా ట్యాగ్ పెట్టి, అందులో చార్‌సెట్ (అంటే ఎన్‌కోడింగ్) యూటీఎఫ్-8 అని రాశాను. ఇది ఫైల్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి కాబట్టి టైటిల్ కంటే ముందు పెట్టడం మేలు. ఎడిటర్‌లో ఫైల్ కూడా యూటీఎఫ్-8గానే సేవ్ కావాలి, లేకపోతే ఈ లైన్ ఉన్నా ఫలితం లేదు.

ఇంగ్లిష్ ఉదాహరణలతో నడిచే పాఠాల్లో ఈ ఇబ్బంది కనిపించదు. తెలుగు పిల్లలకు నేర్పేవాళ్లు మాత్రం దీన్ని మొదటి రోజే చెప్పాలని నా కోరిక. ఆ తర్వాత పేజీని ఫోన్ తెర వెడల్పుకు సరిపెట్టే వ్యూపోర్ట్ లైన్ కూడా చేర్చాను. బాబాయి ఫోన్‌లో అక్షరాలు పెద్దవయ్యాయి.